వాలై చేపకి ఏ కాలంలో ఏ గాలం? మిన్నెసోటా సరస్సుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెల దగ్గర పడుతుందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. మేపుల్ గ్రోవ్ గుడిలో దర్శనం అయ్యాక చెప్పులు వేసుకుంటూ కూడా ఒకరిద్దరు గొంతు తగ్గించి "ఈసారి వాలైకి ఎప్పుడు వెళ్తున్నావు?" అని అడుగుతారు. గుడి ముందు చేపల కబుర్లేంటని మా ఆవిడ కళ్లెర్రజేస్తుంది. అందుకని పదేపదే వచ్చే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇదంతా మిన్నెసోటా లోపలి సరస్సుల సంగతి. పక్కనున్న విస్కాన్సిన్, ఉత్తర డకోటాల్లో కూడా చేప అదే, రుతువులూ దాదాపు అవే, వేట రూల్స్ మాత్రం వేరు.

అసలు వాలై అంటే ఏం చేప? మన చేపల్లో దేనిలా ఉంటుంది?

పొడుగ్గా, గుండ్రంగా ఉంటుంది. వీపు ముదురు ఆకుపచ్చ, పక్కలు పాత బంగారం రంగు, పొట్ట తెలుపు. తోక కింది కొసన సున్నం అద్దినట్టు తెల్లటి మచ్చ ఉంటుంది, గుర్తుపట్టడానికి అదే తేలిక. నోటి నిండా కోరపళ్లు. బొచ్చెని పట్టుకున్నట్టు నోట్లో బొటనవేలు పెట్టారంటే రక్తం చూస్తారు. మొప్పల మూత అంచు కూడా కోసుకుంటుంది.

ఇది పెర్చ్ కుటుంబం చేప. మనవాళ్లకి కండ చూసినా రుచి చూసినా పండుగప్ప గుర్తొస్తుంది కానీ రెండింటికీ దగ్గర చుట్టరికం లేదు. 1965 నుంచి ఇది మిన్నెసోటా రాష్ట్ర చేప. కెనడావాళ్లు పికరెల్ అంటారు. ఇక్కడి మూలవాసులైన ఒజిబ్వే ప్రజల భాషలో దీని పేరు ఓగా. సాగర్ అని దీనికి తమ్ముడిలాంటి చేప ఒకటుంది. వీపు మీది ముందు రెక్క విప్పి చూసినప్పుడు వరసగా నల్లచుక్కలుంటే సాగర్. చుక్కలు లేకుండా రెక్క వెనక మొదట్లో ఒక్క నల్లమచ్చే ఉంటే వాలై.

దాని కళ్ల గురించి అందరూ అంతగా ఎందుకు చెబుతారు?

ఈ ఒక్కటీ అర్థమైతే మిగతా ప్రశ్నల్లో సగం మీరు అడగరు.

వాలై కంటి వెనక వెలుతుర్ని తిప్పికొట్టే పొర ఒకటుంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టే. లోపలికి వచ్చిన కాస్త వెలుతురూ ఆ పొర మీద పడి కంటిగుండా రెండోసారి వెళ్తుంది. రాత్రి టార్చి వేస్తే నిప్పుకణికల్లా మెరుస్తాయి. పగటి పూట చూస్తే పాలపొర కమ్మినట్టు, ఎవరో ముసలాయన శుక్లాల కళ్లలా ఉంటాయి. ఇంగ్లిషులో వాల్ ఐ (walleye) అన్న పేరు వచ్చిందీ ఆ కళ్లని బట్టే.

దీని ముఖ్యమైన తిండి ఎల్లో పెర్చ్ అనే చిన్న చేప. దానికి పగలు చూపు బాగుంటుంది, పొద్దుగూకాక ఆనదు. సరిగ్గా ఆ గంటలోనే వాలై వేటకి దిగుతుంది. ఒకరికి కళ్లు కనబడుతూ ఇంకొకరికి కనబడని వేళ అన్నమాట. కాబట్టి వాలైకి ముహూర్తం పెట్టేది క్యాలెండర్ కాదు, వెలుతురు. మునిమాపు, తెల్లవారుజాము, మబ్బు పట్టిన రోజు, గాలికి అలలు లేచిన మధ్యాహ్నం, టీ రంగు నీళ్లున్న సరస్సు, లేదా బాగా లోతు. ఈ అన్నిటిలోనూ ఉన్నది మసక వెలుతురే. ఎండ కాస్తూ, నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్న మధ్యాహ్నం రెండింటికి వెళ్లి "చేపల్లేవండీ ఇక్కడ" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

సీజన్ ఎప్పుడు? లైసెన్స్ కావాలా?

మిన్నెసోటాలో వాలై సీజన్ మే నెల రెండో వారం ప్రాంతంలో ఒక శనివారం మొదలై ఫిబ్రవరి చివర్లో ముగుస్తుంది. మధ్యలో ఆపేది గుడ్లు పెట్టే కాలం కోసం. 16 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ తప్పనిసరి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కర్ర పట్టుకుంటే వాళ్లకీ కావాలి. బయటివాళ్ల కోసం 24 గంటలవీ, 72 గంటలవీ, వారం రోజులవీ అమ్ముతారు.

సీజన్ మొదలయ్యే వారాంతం తరచూ మదర్స్ డే మీద పడుతుంది. ఇళ్లలో గొడవలు ఎందుకొస్తాయో వేరే చెప్పక్కర్లేదు. మదర్స్ డే వారాంతం ఇక్కడ నివాసం ఉండే తల్లులు లైసెన్స్ లేకుండానే చేపలు పట్టొచ్చు. ఈ సంగతి మా ఇంట్లో బాగా పనికొచ్చింది.

ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు అనేది సరస్సుని బట్టి మారుతుంది, ఏటేటా మారుతుంది కూడా. చాలా ఏళ్లపాటు రాష్ట్రమంతటికీ ఉన్న లెక్క మనిషికి 6, అందులో 20 అంగుళాలు దాటింది ఒక్కటే. కానీ మిల్ లాక్స్ లాంటి పెద్ద సరస్సులకి విడిగా రూల్స్ ఉంటాయి. బయల్దేరే ముందు రోజు రాష్ట్ర సహజవనరుల శాఖ వాళ్ల ఆ ఏటి రూల్స్ పుస్తకంలో మీరు వెళ్లే సరస్సు పేరు వెతకండి. రేవు దగ్గర బోర్డు కూడా ఉంటుంది. ఎవరో చెప్పారని, నేను రాశానని నమ్మొద్దు.

ఏ సరస్సుకి వెళ్లాలి?

పెద్ద పేర్లు మిల్ లాక్స్, లీచ్, విన్నిబిగోషిష్, వెర్మిలియన్, రెయినీ, కాబెటొగామా, అప్పర్ రెడ్, కెనడా సరిహద్దున లేక్ ఆఫ్ ది వుడ్స్. మాకు మినియాపొలిస్ నుంచి దగ్గర మిల్ లాక్స్. 1,30,000 ఎకరాలు పైచిలుకు నీళ్లు, అవతలి ఒడ్డు కనబడదు. మొదటిసారి చూసినప్పుడు కొల్లేరు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు నాకు.

అప్పర్ రెడ్ లేక్ కథ మాత్రం తెలుసుకోవాలి. విచ్చలవిడిగా పట్టేయడం వల్ల 1990లలో అక్కడ వాలై దాదాపు లేకుండా పోయింది. 1999లో వేట ఆపేశారు. రెడ్ లేక్ ఒజిబ్వే ప్రజలూ రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి పిల్లచేపల్ని వదిలి, ఏళ్ల తరబడి కాపాడి, 2006లో మళ్లీ తెరిచారు. అంత పెద్ద సరస్సూ ఒక్కసారి ఖాళీ అయిందంటే మళ్లీ నిండడానికి ఏడేళ్లు పట్టింది.

మొదటిసారైతే పెద్ద సరస్సు జోలికి పోకండి. ఇంటి దగ్గర 500 ఎకరాల సరస్సు, అందులో నీళ్లలోకి పొడుచుకొచ్చిన ఒక రాళ్ల ముక్కు, ఒక వాగు వచ్చి కలిసే చోటు ఉంటే చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం కొనాలి?

ఆరున్నర అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ కర్ర ఒకటి, దానికి తగ్గ రీల్, 6 లేదా 8 పౌండ్ల బరువు తట్టుకునే లైన్, అంటే గాలం దారం. జిగ్‌లు ఒక ఔన్సులో పదహారో వంతు, ఎనిమిదో వంతు, పావు బరువుల్లో కొన్ని. జిగ్ అంటే సీసపు గుండు తలగా పోతపోసిన కొక్కెం. ఇంకా జారుడు బెండ్లు, ఒట్టి కొక్కేలు, సీసపు గుళ్లు, పొడుగు ముక్కు శ్రావణం, పిడి పొడుగున్న వల. ఇంతే. షాపులో గోడంతా మెరిసే బొమ్మచేపలు చేపల్ని కాదు, మనల్ని పట్టడానికి. మొదటి ఏడాది నేనూ పడ్డాను.

మే నెలలో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి కదా. ఎక్కడ వెతకాలి?

మంచు కరగగానే, నీళ్లు 42 నుంచి 50 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు వాలై రాత్రిపూట గులకరాళ్ల ఒడ్డుకో, వాగుల్లోకో వచ్చి గుడ్లు పెడుతుంది. గూడు కట్టదు, కాపలా కాయదు, రాళ్ల మీద వదిలేసి వెళ్లిపోతుంది. సీజన్ తెరిచేటప్పటికి ఆ పని అయిపోయి ఉంటుంది కానీ చేప ఆ చుట్టుపక్కలే తిరుగుతూ ఉంటుంది. మగవి ముందు ఆకలి మీదుంటాయి. పెద్ద ఆడవి కొన్నాళ్లు అలిసిపోయినట్టు ఊరుకుంటాయి.

కాబట్టి మేలో లోతుకి వెళ్లొద్దు. వాగు కలిసే చోటు, రెండు సరస్సుల మధ్య ఇరుకు దారి, వంతెన కింద ప్రవాహం, గాలి తగిలే గులకరాళ్ల ఒడ్డు చూడండి. 5 నుంచి 12 అడుగుల లోతు. ఎనిమిదో వంతు జిగ్‌కి షైనర్ అనే వెండిరంగు చేపపిల్లని నోట్లోంచి గుచ్చి, తల వెనక నుంచి కొక్కెం తీసి, నిదానంగా ఆడించండి. బెయిట్ షాపులో షైనర్లు త్వరగా అయిపోతాయి, తేలిగ్గా చచ్చిపోతాయి కూడా. బకెట్ నీళ్లు చల్లగా ఉంచాలి. దొరకకపోతే ఫ్యాట్‌హెడ్ అనే మొండి చేపపిల్లలతో సరిపెట్టుకోవచ్చు.

ఆ ఏడు మంచు ఆలస్యంగా కరిగితే అన్నీ రెండు వారాలు వెనక్కి జరుగుతాయి. నేను పడవలో వేడి కొలిచే మీటర్ చూశాకే ఎక్కడికి వెళ్లాలో తేల్చుకుంటాను.

జిగ్ ఎలా ఆడించాలి? చేప పట్టిందని ఎలా తెలుస్తుంది?

జిగ్‌ని అడుక్కి దిగనివ్వండి. లైన్ వదులైన క్షణం అది నేల తాకినట్టు. అప్పుడు కర్ర కొసని ఆరంగుళాలు పైకెత్తి, లైన్ బిగువు వదలకుండా, చెయ్యి దించినట్టు మెల్లగా దించండి. ఒక్కటి, రెండు లెక్కపెట్టి మళ్లీ. చూపుడువేలు లైన్‌కి ఆనించి ఉంచాలి.

వాలై లాక్కుని పరిగెత్తదు. నోరు తెరిచి నీళ్లతో సహా ఎరని లోపలికి పీల్చుకుంటుంది, అదీ ఎక్కువగా జిగ్ దిగుతున్నప్పుడు. మనకి వేలి మీద తెలిసేది ఒక చిన్న 'టిక్'. గోటితో ఎవరో లైన్‌ని మీటినట్టు. కొన్నిసార్లు అదీ ఉండదు. ఎత్తబోతే తడిగుడ్డ తగులుకున్నట్టు బరువు, లేదా అడుక్కి చేరాల్సిన జిగ్ మధ్యలోనే ఆగిపోయినట్టు లైన్ వదులు. నాచు అనుకుని వదిలేసిన వాటిలో ఎన్ని చేపలో లెక్కలేదు. అనుమానం వస్తే మణికట్టు ఒక్క విదుపు విదపండి. నాచైతే పోయేదేమీ లేదు కదా.

కొరికిపోయి ఎర సగమే మిగులుతుంటే జిగ్ బరువు తగ్గించండి, కదలిక తగ్గించండి. చల్లనీళ్లలో దాదాపు ప్రతి తప్పూ తొందరపాటు వల్లే.

పడవ లేదు. ఒడ్డు నుంచి పడతాయా?

నిజానికి మే, అక్టోబరు నెలల్లో ఒడ్డునున్నవాళ్లదే పైచెయ్యి. చేప చీకటి పడ్డాక మోకాలి లోతుకి కూడా వస్తుంది. పడవ చప్పుడుకి బెదిరే చేప, రాయి మీద కదలకుండా కూర్చున్న మనిషికి బెదరదు. రాత్రి వెలిగే చిన్న బల్బున్న బెండు వేసి కూర్చోండి. వాగు కలిసే చోటు, ఊరి రేవు, రాళ్లు పేర్చిన రోడ్డు కట్ట. పొద్దుగూకడానికి అరగంట ముందు చేరాలి. తలకి కట్టుకునే లైటు నీళ్ల మీద వేయొద్దు.

జూన్‌లో అందరూ జలగలు కొంటారెందుకు? చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

నాకూ అలాగే ఉండేది. మా బావ ఏలూరు దగ్గర చేపల చెరువులు చేస్తాడు. అతను వచ్చినప్పుడు డబ్బా మూత తీసి చూపిస్తే "ఇదేంటి బావా, పొలంలో కాలికి పట్టుకుంటే ఉప్పేసి వదిలించుకునేవాళ్లం, ఇక్కడ డబ్బులిచ్చి కొంటున్నావా?" అని ఒకటే నవ్వు. ఇవి మనిషి రక్తం కోసం వెంటపడే రకం కాదు. చేతికి అతుక్కుంటాయి, లాగితే వచ్చేస్తాయి.

నీళ్లు 55, 60 డిగ్రీలు దాటాక జలగ నీళ్లలో రిబ్బన్‌లా ఈదుతుంది. చల్లనీళ్లలో ఉండలా చుట్టుకుపోతుంది, అందుకే మేలో దండగ. పీల్చే గుండ్రటి బిళ్ల ఉన్న వైపు, కొసకి కాస్త ముందు కొక్కెం గుచ్చాలి. గుచ్చాక ఒకసారి నీళ్లలో వేసి చూడండి, చాచుకుని ఈదుతుంటే సరిగ్గా గుచ్చినట్టు.

జారుడు బెండుతో పని తేలిక. లైన్ మీద చిన్న దారం ముడి వేస్తాం, ఆ ముడి దగ్గర బెండు ఆగుతుంది. ముడి ఎక్కడుందో అదే లోతు. ఎర అడుక్కి ఒక అడుగు పైన వేలాడాలి. రాళ్ల దిబ్బ అంచున, నాచు అంచున వేసి, గాలికి బెండు దానంతటదే నడిచేలా వదిలేయండి. పది నిమిషాలు కదలని బెండు కొద్దిగా పక్కకి వాలి, ఎవరో కిందనుంచి మర్యాదగా లాగినట్టు పచ్చటి నీళ్లలోకి దిగిపోతుంది. అప్పుడు వెంటనే కొట్టొద్దు. వదులు లైన్ చుట్టి, బరువు తగిలాక కర్ర వెనక్కి వాల్చండి.

రెండో పద్ధతి లిండీ రిగ్. బ్రెయినర్డ్ ప్రాంతం నుంచి లిండ్నర్ అన్నదమ్ములు దీన్ని ఊరూరికీ తెచ్చారు. సీసపు ముక్క లైన్ మీద జారుతూ అడుగున పాకుతుంది, దాని వెనక మూడు నాలుగు అడుగుల లైన్ చివర ఒట్టి కొక్కెం, దానికి జలగో వానపామో. చేప పట్టగానే వేలు వదిలేస్తే లైన్ సీసంలోంచి జారిపోతుంది, చేపకి బరువు తెలియదు. కొన్ని సెకన్లు పోనిచ్చి, లైన్ బిగించి, పొడుగ్గా లాగాలి. ఓపిక లేనివాళ్లకి ఇది నచ్చదు.

జూన్ మధ్యలో హఠాత్తుగా పడడం మానేస్తాయి. ఏమవుతుంది?

మేఫ్లై అనే పురుగులు. వీటి పిల్లలు సరస్సు అడుగు బురదలో పెరిగి, ఒకేసారి లక్షలుగా పైకి లేచి రెక్కలు విప్పుతాయి. రేవు దీపాల కింద తెల్లారేసరికి చీపురుతో ఊడ్చేంత పడి ఉంటాయి. వాలైకి అది పెళ్లి భోజనం. నోరు తెరుచుకుని తిరిగితే చాలు, మీ జలగ ఎవడిక్కావాలి? అలాంటప్పుడు బురద నేల వదిలేసి రాళ్ల దిబ్బల మీదికి వెళ్లండి, ఎర చిన్నది చేయండి. లేదంటే ఓ వారం ఇంటి పనులు చూసుకోండి.

జులై, ఆగస్టుల్లో ఎండగా ఉంటే?

ఇక్కడే ఎక్కువమంది చేతులెత్తేస్తారు. కానీ నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు వాలై తిండి ఎక్కువ తింటుంది. కష్టమల్లా చెల్లాచెదురుగా ఉండడంతోనే. మూడు చోట్ల వెతుకుతాను నేను.

ఒకటి, ఒడ్డుకి దూరంగా నీళ్లలో మునిగున్న దిబ్బల అంచులు. రెండు, పచ్చటి వెడల్పాటి ఆకుల నాచు గట్టు. ఇక్కడివాళ్లు క్యాబేజీ అంటారు కానీ మన కూరగాయ కాదు. ఆ నీడలో పెర్చ్ ఉంటుంది, పెర్చ్ ఉన్నచోట వాలై. మూడు, లోతు. ఇక్కడో మెలిక ఉంది. లోతైన సరస్సుల్లో ఎండాకాలం నీళ్లు పొరలుగా విడిపోతాయి. పైన వెచ్చటి నీళ్లు, కింద చల్లటివి, మధ్యలో వేడి ఒక్కసారిగా పడిపోయే పొర. సారం ఎక్కువున్న సరస్సుల్లో ఆగస్టుకల్లా ఆ పొర కింద ఆక్సిజన్ అడుగంటుతుంది. "ఎండగా ఉంది కదా, 50 అడుగుల్లో వేద్దాం" అంటే అక్కడ బతికున్న చేప ఉండకపోవచ్చు. నీళ్ల కింద ఏముందో చూపించే సోనార్ తెరని నిశితంగా చూస్తే ఆ పొర పలచటి మసక గీతలా కనబడుతుంది. దానికి పైనే వెతకాలి. మిల్ లాక్స్ లాంటి లోతు తక్కువ, గాలి ఎక్కువ ఉన్న సరస్సుల్లో ఈ పొర నిలబడదు.

చెదిరిన చేపని వెతకడానికి పడవ నడుపుతూ లాగడమే దారి. వానపాము గుచ్చిన, గిరగిరా తిరిగే రేకున్న స్పిన్నర్‌ని గంటకి మైలు, మైలుంబావు వేగంతో లాగాలి. బొమ్మచేపలైతే రెండు, రెండున్నర మైళ్లు. లోతుకి దించాలంటే లోపల సీసపు తీగ ఉన్న లైన్ వాడతారు, ప్రతి 30 అడుగులకీ రంగు మారుతుంది. "ఐదు రంగులు వదిలాను" అంటే 150 అడుగులన్నమాట. మిన్నెసోటాలో మంచు లేనప్పుడు మనిషికి ఒక్క లైనే అని గుర్తుంచుకోండి.

జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు చేరిన సరస్సుల్లో నీళ్లు వడగట్టినట్టు తేటబడిపోతాయి. అక్కడ వాలై పగలు లోతుకో నాచులోకో పోతుంది, పడితే రాత్రి పడుతుంది.

గాలి లేస్తే వెనక్కి వచ్చేయాలా?

పడవకి ప్రమాదం కానంతవరకు వద్దు. అడుగు ఎత్తు అలలుంటే వెలుతురు నీళ్లలోకి సరిగ్గా దిగదు, ఒడ్డున నీళ్లు కలక బారతాయి, చిన్నచేపలు గాలి కొట్టే ఒడ్డుకి చేరతాయి. అలాంటి అలలకి వాలై పేరే పెట్టుకున్నారు ఇక్కడివాళ్లు. గాలి కొట్టే వైపే వెళ్లండి, చాటు వైపు కాదు. పెద్ద సరస్సు మీద మాత్రం లైఫ్ జాకెట్ వేసుకోండి, సీటు కింద పెట్టుకోవడం కాదు. ఉరుము వినబడితే మరో మాట లేదు, ఒడ్డుకే.

సెప్టెంబరు తర్వాత ఏం మారుతుంది?

పైనున్న నీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి. పొరలు కలిసిపోయి సరస్సు అంతా ఒకే వేడికి వస్తుంది. ఆ వారం పది రోజులు చేప ఎక్కడుందో దానికే తెలియదు. అడుగు కుళ్లు వాసన, నురగ, నీళ్లలో చెత్త కనబడితే వేరే సరస్సుకి వెళ్లండి. అన్ని సరస్సుల్లోనూ పొరలు ఒకే రోజు కలవవు.

అది దాటాక ఏడాదిలో పెద్ద చేప పడే కాలం వస్తుంది. పగలు నిటారుగా దిగిపోయే గట్ల దగ్గర, 25 అడుగుల ప్రాంతంలో, పెద్ద చేపపిల్ల గుచ్చిన బరువు జిగ్. మేలో వాడిన రెండంగుళాల పిల్ల కాదు, నాలుగైదు అంగుళాలది. చలికాలం ముందు అది చిరుతిళ్లకి కదలదు.

చీకటి పడ్డాక ఆట వేరు. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో, పున్నమి దగ్గర రాత్రుల్లో, సన్నటి పొడుగు బొమ్మచేపని, రాపాలా లాంటిదాన్ని, ఆరేడు అడుగుల లోతున్న రాళ్ల ఒడ్డు వెంట మెల్లగా లాగుతారు. కర్ర కొసల మీద మంచు పేరుకుంటుంది, వేళ్లు పనిచేయవు. నేను ఏడాదికి రెండు రాత్రులే వెళ్తాను, అదే ఎక్కువ.

మంచు మీద నడవడానికి భయం లేదా?

ఉంది. ఉండాలి. ఇండియా నుంచి వచ్చినవాళ్లు గడ్డకట్టిన సరస్సు మీద కార్లు తిరగడం చూసి అంతా ఒకటే అనుకుంటారు. మనిషి నడవడానికి కొత్తగా కట్టిన తేటమంచు కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్న కారుకి దాదాపు 10. తెల్లమంచుకి బలం సగమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి. ఒకచోట ఆరు అంగుళాలుంటే పది గజాల అవతల మూడే ఉండొచ్చు. ఊట, వాగు, వంతెన, బాతుల గుంపు దగ్గరికి పోవద్దు. ఇనప గడ్డపారలాంటి చిజెల్‌తో ముందు పొడుచుకుంటూ నడవాలి. మెడలో రెండు మంచు మేకులు వేసుకోండి, పడితే పైకి పాకడానికి అవే ఆధారం. ఒక్కరే వెళ్లొద్దు. మొదటి ఏడాది డబ్బులు పెట్టి గైడ్‌తోనో, రిసార్ట్‌వాళ్లు చూసి గీసిన దారిలోనో వెళ్లడం మంచిది.

మంచులో పద్ధతి ఏంటి?

మిన్నెసోటాలో మంచు మీద రెండు లైన్లకి అనుమతి ఉంది, రెండూ వాడుకోండి. ఒక రంధ్రంలో స్పూన్ అనే బరువైన మెరుపు రేకు ఎర, దాని కొక్కేనికి చేపపిల్ల తల మాత్రమే తుంచి గుచ్చాలి. దాన్ని అడుగున్నర ఎత్తి వదలండి, దూరంగా ఉన్న చేపని పిలవడానికి. నేల మీద రెండుసార్లు కొట్టి బురద లేపండి. తర్వాత కదలకుండా పట్టుకోండి. రెండో రంధ్రంలో బతికున్న చేపపిల్లని అడుక్కి అడుగు పైన బెండుకి వేలాడదీయండి. మొదటిదాని సందడికి వచ్చిన చేప తరచూ రెండోదాన్ని మింగుతుంది.

మంచు కట్టిన మొదటి రెండు మూడు వారాలే బాగా పడేది. జనవరి నడుమ మందగిస్తుంది. రోజులో మధ్యాహ్నం మూడున్నర నుంచి చీకటి పడేదాకా. డిసెంబరులో పొద్దు నాలుగున్నరకే పోతుంది కాబట్టి ఆఫీసు నుంచి ముందే జారుకోవాలి. ఫ్లాషర్ అనే చిన్న సోనార్ కొనుక్కుంటే, దాని తెర మీద మీ స్పూన్ ఒక రంగు గీత, కింద నుంచి వచ్చే చేప ఇంకో గీత. ఆ గీత లేస్తుంటే స్పూన్‌ని కూడా కొద్దిగా పైకి లేపండి, పారిపోతున్నట్టు. గీతలు రెండూ కలిశాయంటే ఊపిరి బిగపట్టండి.

ఏవి ఉంచుకోవాలి, ఏవి వదలాలి?

14 నుంచి 18 అంగుళాలవి కూరకి. అంత పెరగడానికే ఇక్కడి చలినీళ్లలో మూడు నాలుగేళ్లు పడుతుంది. పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, గుడ్లు లక్షల్లో పెడతాయి. ఫోటో తీసుకుని వదిలేయండి, చేతులు తడిచేసుకుని పట్టుకోండి. 30 అడుగులకంటే లోతు నుంచి లాగిన చేపకి గాలితిత్తి ఉబ్బి వదిలినా బతకడం కష్టం. కాబట్టి మీ లెక్క పూర్తయితే లోతులో సరదాకి పట్టడం మానేయాలి. కోసి తెచ్చుకునేటప్పుడు ముక్కకి పొలుసులతో అంగుళం చర్మం ఉంచాలన్నది ఇక్కడి చట్టం, ఏ చేపో అధికారి గుర్తుపట్టాలి కదా.

రేవు దగ్గర పడవ విషయంలో జాగ్రత్తలు?

ఒక సరస్సు నీళ్లు, నాచు ఇంకో సరస్సుకి తీసుకెళ్లకూడదు. వచ్చేటప్పుడు నాచు ఏరేసి, నీళ్లన్నీ వంచి, పడవ అడుగు బిరడా తీసి రోడ్డెక్కాలి. మిగిలిన ఎర చెత్తబుట్టలో వేయాలి, నీళ్లలో వదలకూడదు. బకెట్‌లో నీళ్లు మార్చుకోవడానికి ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకోండి.

బిరడా తీయడం గుర్తుంటుంది, మళ్లీ పెట్టడం మర్చిపోతాం. ఇందాక చెప్పిన బావే, రేవు నుంచి వంద గజాలు వెళ్లాక "బావా, ఈ పడవలో నీళ్లు మామూలేనా?" అని అడిగాడు. చూస్తే చీలమండ దాకా ఉన్నాయి, షైనర్ల డబ్బా తేలుతోంది. తాళాల గుత్తికి బిరడా తగిలించుకోవడం ఆ రోజు నుంచి అలవాటైంది.

ఎలా వండుకోవాలి? పులుసుకి నిలబడుతుందా?

వేపుడుకి దీన్ని మించింది లేదు. ముళ్లు తీసేసిన ముక్క, తెల్లగా, నీచు వాసన దాదాపు లేకుండా ఉంటుంది. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, కాస్త బియ్యప్పిండి. పదిహేను నిమిషాలకంటే నానబెట్టకండి, కండ మెత్తబడుతుంది. పులుసుకి మాత్రం కొరమీనులా మొండిగా నిలబడదు, రేకులుగా విడిపోతుంది. పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక, చివరి ఆరేడు నిమిషాలకి ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. ఎముకలతో ఉంచిన అడ్డముక్కలైతే ఇంకా మేలు. పెద్ద చేప దొరికితే చెంపల్లోని రెండు గుండ్రటి ముక్కలు పారేయొద్దు, పిల్లలు చూడకముందే మీరు తినేయండి.

పాదరసం ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. చేపల్ని తిని బతికే చేప కాబట్టి పెద్దదయ్యేకొద్దీ ఒంట్లో పేరుకుంటుంది. వండినా, కొవ్వు తీసినా పోదు. గర్భిణులు, చిన్నపిల్లలు రాష్ట్ర ఆరోగ్యశాఖ పట్టిక చూసుకుని తినాలి. మిగతావాళ్లు చిన్నవి తినండి, పెద్దవి వదిలేయండి.

ఏడాది మొత్తంలో ఒక్క సాయంత్రమే కుదురుతుందంటే ఎప్పుడు వెళ్లాలి?

జూన్ మొదటి వారం. మబ్బు పట్టి, రోజంతా ఒకే వైపు నుంచి గాలి వీచిన సాయంత్రం. ఆ గాలి కొట్టే వైపున్న రాళ్ల ముక్కు, ఎనిమిది పది అడుగుల నీళ్లు, జారుడు బెండు, ఒక జలగ. పొద్దుగూకడానికి గంట ముందు వెళ్లండి. సూర్యుడు దిగగానే మిగతా పడవలన్నీ ఒక్కొక్కటే రేవుకి తిరుగుతాయి, మీరు తిరక్కండి. ఇంకో గంట ఉండండి. దోమల మందు మాత్రం మర్చిపోవద్దు.